మా అమ్మ పొట్టకి లోపల మూతుంది

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక ఆదివారం పొద్దున, స్టోమా (పేగుని బయటికి తెచ్చి పొట్ట మీద చేసిన రంధ్రం) ఉన్నవాళ్లూ వాళ్ల ఇళ్లవాళ్లూ కలిసిన చోట మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని, మాట్లాడింది మాట్లాడినట్టే రాసింది.)

అందరికీ నమస్కారమండీ. వెనక వినిపిస్తుందా? ఆ చివర ఫ్యాన్ ఒక్కటి కొంచెం తగ్గించు బాబూ, మైకులోకి గాలి కొడుతుంది. ఆ, సరే.

నేను గాజువాక సైడు హైస్కూల్లో సోషల్ చెప్తానండీ. ఇరవై ఏళ్ల పైన మాట్లాడ్డమే నా పని, అయినా నిన్న రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఈ విషయం నేను చాలా ఏళ్లు మా చుట్టాల్లో కూడా ఎవరికీ చెప్పలేదు, అలా చెప్పకపోబట్టే ఒకసారి ప్రాణం మీదకి వచ్చింది, అది కూడా చెప్తాను. ముందే ఒక మాట, ఇప్పుడు పదకొండు యాభై అయింది, పన్నెండున్నరకి నేను ఆపేస్తాను, ఎందుకన్నది మధ్యలో మీకే తెలుస్తుంది.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమందికి పొట్ట మీద మలం పట్టే బ్యాగ్ ఉంది. నాకూ నాలుగేళ్లు ఉండేది. ఇప్పుడు లేదు. నాది కంటినెంట్ ఇలియోస్టమీ అంటారు, అంటే బయట బ్యాగ్ లేకుండా పొట్ట లోపలే సంచి ఉండేది, డాక్టర్లు కాక్ పౌచ్ అని కూడా అంటారు. మన దేశంలో ఇది చాలా తక్కువ మందికి చేస్తారు కాబట్టి ఇక్కడ సిస్టర్స్ కూడా కొంతమంది దీని గురించి చదవడమే తప్ప చూసుండరు. అందుకే మేడం గారు నన్ను మాట్లాడమన్నారు.

నా కథ త్వరగా చెప్పేస్తాను. 2006లో మొదలైంది, మా పాపకి అప్పుడు ఏడాది. రోజుకి పది పదిహేను సార్లు బాత్రూమ్, రక్తం, జిగురు, అల్సరేటివ్ కోలైటిస్ అన్నారు, పెద్దపేగు లోపల పుండ్లు పడే జబ్బు. స్టెరాయిడ్లు వాడితే ముఖం గుమ్మడికాయలా ఉబ్బిపోయింది, ఆపితే మళ్లీ రక్తం. మూడేళ్లు అలా నెట్టుకొచ్చి 2009లో పెద్దపేగు మొత్తం తీసేశారు, చిన్నపేగు చివర పొట్ట మీదకి తెచ్చి బ్యాగ్ పెట్టారు. నిజం చెప్పాలంటే ఆ బ్యాగే నన్ను బతికించింది, దాన్ని ఒక్క మాట కూడా అనను. కానీ మన వైజాగ్ ఉక్క మీకు తెలుసు కదా, ఏప్రిల్ వచ్చిందంటే చెమటకి ఆ అంటించిన ప్లేటు అంచులు లేచిపోయేవి, చిన్నపేగు నుంచి వచ్చేది మామూలు మలం కాదు, అందులో అరిగించే రసాలు ఉంటాయి, అది చర్మం మీద పడితే ఒలిచేసినట్టు అయిపోద్ది. క్లాసులో బోర్డు మీద రాస్తుంటే మంట. చాలామందికి అలా అవ్వదు, బ్యాగ్‌తో హాయిగా ఉన్నవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు, నాకు మాత్రం కుదరలేదు.

మరి జే పౌచ్ ఎందుకు చేయించుకోలేదు అని అడుగుతారు, అంటే లోపల సంచి కుట్టి మామూలు దారిలోనే కలిపేది. నాకు కాన్పులో బాగా చిరిగిపోయింది కిందన, మలం ఆపుకునే కండరానికి పట్టు లేదు, కాబట్టి జే పౌచ్ పెడితే ఆగదు అన్నారు. అలాంటివాళ్లకి, లేదా జే పౌచ్ పెట్టాక పాడైనవాళ్లకి, ఈ కాక్ పౌచ్ ఒక దారి. క్రోన్స్ అని పేగుల్లో ఎక్కడైనా వాపు, పుండ్లు వచ్చే ఇంకో జబ్బు ఉంది, అది ఉన్నవాళ్లకి మామూలుగా చేయరు, ఆ జబ్బు మళ్లీ సంచిలోకే రావచ్చు కాబట్టి. నాకు 2013 జనవరిలో వేరే రాష్ట్రంలో చేశారు.

ఇప్పుడు అదేంటో చెప్తాను, క్లాసులో చెప్పినట్టే చెప్తాను, ఏమనుకోవద్దు. చిన్నపేగు చివర 45 నుంచి 60 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర రెండు అడుగులు తీసుకుని, దాన్ని మడిచి, కోసి, కుట్టి ఒక సంచిలా చేస్తారు. ఆ సంచి పొట్ట లోపలే ఉంటుంది. సంచి నుంచి బయటికి వచ్చే దారిలో ఒక వాల్వ్ ఉంటుంది, అదీ మన పేగే, ప్లాస్టిక్ కాదు. జాకెట్టు చెయ్యి తిరగేసేటప్పుడు సగం లోపలికి దూరిపోయి రెండు పొరలు అవుద్ది చూడండి, అలా పేగుని దాని లోపలికే దోపి నిలబెట్టి కుడతారు. సంచి నిండేకొద్దీ లోపలి ఒత్తిడి ఆ దోపిన భాగాన్ని చుట్టూ నుంచి నొక్కుతుంది, కాబట్టి ఎంత నిండితే మూత అంత గట్టిగా పడుతుంది. బయటికి కారదు, గ్యాస్ కూడా రాదు. మరి ఖాళీ ఎలా అవుద్ది? మనమే గొట్టం పెట్టి తీయాలి. పొట్ట మీద కుడి పక్కన, బాగా కిందకి, చర్మానికి సమానంగా చిన్న రంధ్రం ఉంటుంది, బ్యాగ్ ఉన్నవాళ్లకి ఉన్నట్టు పైకి పొడుచుకు రాదు. దాన్లోంచి గొట్టం.

దీన్ని కనిపెట్టింది స్వీడన్ దేశపు సర్జన్, నిల్స్ కాక్ అని, గోథెన్‌బర్గ్‌లో. 1969లో మొదట చెప్పారు. మొదట్లో వాల్వ్ లేదు, కొంతమందికి కారిపోయేది, తర్వాత రెండు మూడేళ్లకి ఈ దోపే వాల్వ్ పెట్టారు. ఆ తర్వాత అమెరికాలో బార్నెట్ అని ఇంకో సర్జన్ ఆ వాల్వ్ జారిపోకుండా దాని చుట్టూ పేగుతోనే ఒక పట్టీ లాంటిది పెట్టి ఇంకో రకం చేశారు. జే పౌచ్ వచ్చింది 1980 ప్రాంతంలో, అది వచ్చాక ఇది చేసేవాళ్లు తగ్గిపోయారు. అందుకే ఇవాళ దీని గురించి తెలిసిన డాక్టర్ దొరకడమే కష్టం, ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ ఈ మాటకే వస్తాను.

ఆపరేషన్ అయ్యాక ఒక నెల గొట్టం లోపలే ఉంచేశారు, తీయలేదు. కాలికి ఒక సంచి కట్టి దాన్లోకి కారుతుంటే రోజుకి ఇన్నిసార్లు సెలైన్ ఎక్కించి కడగడం. అప్పుడు నాకు ఏడుపొచ్చేసేది, బ్యాగ్ వదిలించుకుందామని వచ్చి ఇదేంట్రా బాబూ అని. తర్వాత తెలిసింది, కొత్త సంచి కుట్లు ఆరేదాకా దానికి రెస్ట్ ఇవ్వాలని, అప్పుడు దాన్లో పట్టేది ఇంతే, అర గ్లాసు కూడా కాదు. అది మెల్లమెల్లగా సాగాలి. కొన్ని నెలలకి అర లీటరు, ఆ పైన కూడా పడుతుంది.

గొట్టం తీశాక అసలు పని మొదలు. పగలు రెండు గంటలకి ఒకసారి, రాత్రి మూడు గంటలకి ఒకసారి అలారం పెట్టుకుని లేచి ఖాళీ చేయడం, వారం గడిచాక మధ్య టైము కొంచెం పెంచడం. ఇది నాకు మా డాక్టర్ ఇచ్చిన లెక్క, మీకు వేరేగా చెప్తే అదే చేయండి. మా ఆయన స్టీల్‌ప్లాంట్‌లో పనిచేస్తారు, ఆయనకి ఏ షిఫ్టు బీ షిఫ్టు సీ షిఫ్టు అలవాటే, ఒక చార్ట్ రాసి ఫ్రిజ్ మీద అంటించారు, సీ షిఫ్టులో ఉన్నప్పుడు ప్లాంట్ నుంచి రాత్రి రెండింటికి ఫోన్ చేసి లేపేవారు. చంటిపిల్ల ఉన్న ఇల్లులా ఉండేది ఆ మూడు నెలలు. పిల్లకైతే ఆకలేస్తే ఏడుస్తుంది, ఈ సంచి ఏడవదు, అదే తేడా. మామూలు మనిషికి కడుపే పిలుస్తుంది, బ్యాగ్ ఉన్నవాళ్లకి బరువు తెలుస్తుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది. నాకు కొంచెం నిండుగా, అన్నం ఎక్కువ తిన్నట్టు ఉంటుంది, అంతే. పనిలో పడితే అదీ తెలియదు. కాబట్టి గడియారమే చూసుకోవాలి. ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు. పొద్దున లేవగానే, పన్నెండున్నరకి, సాయంత్రం ఆరింటికి, పడుకునే ముందు. రాత్రి లేవను.

పెట్టడం ఎలా అంటే, చేతులు కడుక్కుని, గొట్టం చివర నీళ్లలో కలిసే జెల్ రాసి, మెల్లగా తోస్తే రెండు అంగుళాలు వెళ్లేసరికి ఏదో అడ్డం తగిలినట్టు ఉంటుంది, అదే వాల్వ్. అక్కడ కొత్తలో అందరూ భయపడి ఊపిరి బిగబడతారు, బిగబడితే పొట్ట బిగుసుకుంటుంది, ఇంక అస్సలు వెళ్లదు. ఊపిరి వదులుతూ తోయాలి, లేదా చిన్నగా దగ్గాలి. అది దాటగానే చర్రున దిగుతుంది. ఐదు పది నిమిషాలు. చిక్కగా ఉంటే పెద్ద సిరంజితో కొంచెం నీళ్లు లోపలికి పంపి కదిపి వదలాలి. అయ్యాక గొట్టం సబ్బుతో కడిగి నీళ్లు దులిపి డబ్బాలో పెట్టుకోవడం. రంధ్రం మీద చిన్న గాజు గుడ్డ, అదే పుండుకి కట్టే పల్చటి గుడ్డ, మడిచి టేపు, కొంచెం జిగురు ఊరుతుంది అందుకని. ఇంతే.

మా అత్తయ్యగారు మొదటిసారి ఆ గొట్టం ఆరబెట్టి ఉంటే చూసి, ఏటమ్మా ఇది, బొప్పాయి తూడులాగుంది అన్నారు. అప్పట్నుంచి మా ఇంట్లో దాని పేరు తూడే. ఆవిడ సోంపేట మనిషి, చాలా మడి, దేవుడి గదిలోకి ఎవర్నీ రానివ్వరు స్నానం చేయకుండా. నాకు లోపల భయం, పూజకి రానిస్తారా లేదా అని. బ్యాగ్ ఉన్న నాలుగేళ్లూ నేనే దేవుడి గది గుమ్మం దాటలేదు, ఎవరూ వద్దనలేదు, నేనే. ఆపరేషన్ అయ్యాక ఒకరోజు ఆవిడే పిలిచి, అందరి కడుపులోనూ ఉన్నదే కదమ్మా నీ కడుపులోనూ ఉన్నది, రా, దీపం పెట్టు అన్నారు. నేను అప్పుడు ఏడ్చిన ఏడుపు... సరే.

మా పాపకి అప్పుడు ఎనిమిదేళ్లు. తను చూస్తానంది, చూపించాను. దాయలేదు. కాసేపు చూసి, అమ్మా నీ పొట్టకి మూతుందా అనింది. లోపల ఉందమ్మా అన్నాను. మర్నాడు స్కూల్లో ఫ్రెండ్స్‌కి మా అమ్మ పొట్టకి లోపల మూతుంది అని గొప్పగా చెప్పొచ్చింది. నేను కోప్పడ్డాను. ఇప్పుడు అనిపిస్తుంది, ఆ రోజు ఆ పిల్లకున్న తెలివి నాకు లేదు. అది ఎవరికైనా చెప్పగలిగింది, నేను చెప్పలేకపోయాను.

చీర సంగతి, ఇది ఆడవాళ్లకి. బ్యాగ్ ఉన్నప్పుడు కుచ్చిళ్లు దాని మీద ఎత్తుగా వచ్చేలా కట్టేదాన్ని, పైట ఎప్పుడూ కుడివైపుకి లాక్కోవడం, అది ఎంత అలవాటంటే బ్యాగ్ పోయి ఆర్నెల్లైనా చెయ్యి అటే వెళ్లేది. ఇప్పుడు రంధ్రం కిందకి ఉంది కాబట్టి లంగా బొందు దానికి పైన పడుతుంది, ఒత్తుకోదు. కానీ ఆపరేషన్‌కి ముందు రంధ్రం ఎక్కడ రావాలో మార్కు పెట్టేటప్పుడు మనం కట్టే బట్టలు కట్టుకుని వెళ్లి, కూర్చుని, వంగి చూపించాలి, చీర కట్టేవాళ్లు చీరతో, ప్యాంటు బెల్టు వాళ్లు బెల్టుతో. ఆ ఒక్కటి అడగడానికి మొహమాటపడకండి, జీవితాంతం మీరే కట్టుకోవాలి కదా.

తిండి. ఇది మీరందరూ అడిగేది. గొట్టం చిటికెన వేలంత లావు, దాని కన్నాల్లోంచి రానిది ఏదైనా సంచిలో ఉండిపోతుంది, ఈ ఒక్క మాట అర్థమైతే లిస్టు అక్కర్లేదు. బీచ్ రోడ్డులో కాల్చిన మొక్కజొన్న పొత్తు, నాకు ప్రాణం అది, మానేశాను. మురీ మిక్చర్‌లో పల్లీలు, పచ్చి కొబ్బరి ముక్క, పుట్టగొడుగులు, కమలా తొనల మీద తోలు, పనసపొట్టు, తేగలు, వీటిలో నార గానీ గట్టి ముక్క గానీ గొట్టానికి అడ్డం పడుతుంది. మునక్కాడ పులుసు తాగుతాను, కాడ నమలను. కొబ్బరి పచ్చడి మిక్సీలో మెత్తగా పట్టేస్తే పర్లేదు నాకు. చేపల పులుసు బ్రహ్మాండంగా తినొచ్చు. అన్నిటికన్నా పెద్ద విషయం నమలడం, మనవాళ్లు నమలరండీ, మింగేస్తారు. నేను పిల్లలతో పాటు లంచ్‌కి కూర్చుంటే బెల్ కొట్టేసరికి నా బాక్సు సగమే అయ్యేది, ఇప్పుడు అందుకని పది నిమిషాలు ముందే మొదలుపెడతాను. చిక్కబడితే ద్రాక్ష రసం పల్చబరుస్తుంది, నల్ల ద్రాక్ష వచ్చే రోజుల్లో ఇంట్లో తీసి వడగట్టి పెట్టుకుంటాను.

నీళ్లూ ఉప్పూ. ఇది బ్యాగ్ ఉన్నవాళ్లకి కూడా. చిన్నపేగు లాక్కోగా మిగిలిన నీళ్లనీ ఉప్పునీ వెనక్కి లాక్కునేది పెద్దపేగు, మనకి అది లేదు. కాబట్టి ఎండలో ఉత్త నీళ్లు గటగటా తాగేస్తే చాలదు, ఉప్పు లేకపోతే ఆ నీళ్లు ఒంటికి పట్టవు, ఇంకా కొట్టుకుపోతాయి. ఓఆర్ఎస్ తాగండి, లేదా ఉప్పేసిన పల్చటి మజ్జిగ, గంజి, చోడి అంబలి, అదే రాగి అంబలి. బీపీ, గుండె జబ్బు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఉప్పు ఎంతన్నది డాక్టర్‌ని అడిగే వేసుకోండి. మూత్రం పచ్చగా తక్కువగా వస్తున్నా, పిక్కలు పట్టేస్తున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా నిర్లక్ష్యం చేయొద్దు. నీళ్లు తగ్గితే కిడ్నీలో రాళ్లు కూడా మనకి ఎక్కువ.

హుద్‌హుద్ తుఫాను గురించి చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ ఆపరేషన్ మీద నమ్మకం వచ్చింది ఆ రోజుల్లోనే. 2014 అక్టోబర్ 12, ఆదివారం. వైజాగ్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్‌లో కిటికీ అద్దాలు పోయాయి, కరెంటు లేదు, మోటర్ లేదు, మూడో అంతస్తులో ఒక్క చుక్క నీరు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ దొరకలేదు, పెట్రోల్ బంకుల దగ్గర ఎంత లైనో మీరు చూశారు. ముందురోజు తుఫాను వార్నింగ్ విని మా ఆయన బకెట్లు, బిందెలు, చివరికి ప్రెషర్ కుక్కర్‌తో సహా నింపి పెట్టారు. నాకు ఒకటే భయం, నీళ్లు లేకుండా ఎలా అని. తీరా చూస్తే ఒక్కోసారికి నాకు పట్టింది రెండు మగ్గులు. కొవ్వొత్తి వెలుగులో చేసుకున్నాను, గొట్టం సబ్బుతో కడిగి, ఆఖర్న కాచిన నీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టి పెట్టుకున్నాను. అప్పుడు మా కింద ఫ్లోర్‌లో ఒక పెద్దాయనకి బ్యాగ్ ఉండేది, ఆయనకి స్టాకు అయిపోయింది, మందుల షాపులన్నీ మూత. నా పాత బ్యాగులు ఒక డబ్బా మిగిలుంటే ఇచ్చాను. ఆయనకి అప్పటిదాకా తెలియదు నాకు ఇలా ఉందని, నాకూ తెలియదు ఆయనకి ఉందని, ఐదేళ్లు ఒకే మెట్లు ఎక్కి దిగాం. చూడండి ఎంత దాచుకుంటామో. అందుకే ఎవరికైనా రెండు వారాలకి సరిపడా సామాన్లు ఎప్పుడూ ఇంట్లో ఉంచుకోండి, అక్టోబర్ నవంబర్‌లో మరీ ముఖ్యంగా. నేను గొట్టాలు మూడు ఉంచుతాను, ఒకటి ఇంట్లో, ఒకటి హ్యాండ్ బ్యాగులో, ఒకటి స్కూల్ బీరువాలో.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను.

2019లో అనకాపల్లిలో మా ఆడపడుచు కొడుకు పెళ్లి. మా అత్తింటి దగ్గరివాళ్లకి తప్ప ఎవరికీ నా సంగతి తెలియదు, ఆరేళ్లు అలా గడిచింది కదా, బయటికి ఏమీ కనిపించదు, చీర బాగా కట్టుకుంటాను, అందరూ నువ్వు ఆపరేషన్ అయి బాగైపోయావు అంటుంటే నాకూ నిజంగా బాగైపోయినట్టే ఉండేది. పెళ్లిలో పనసకాయ బిర్యానీ పెట్టారు, పిన్నిగారు పక్కన కూర్చుని ఏంటమ్మా తినవేంటి అని కొసరి కొసరి వడ్డించారు, కాదనలేక తిన్నాను. పన్నెండున్నరకి ఖాళీ చేయాల్సింది, కళ్యాణ మండపంలో ఆడవాళ్లకి ఉన్న గదులు రెండు, రెండింట్లోనూ పెళ్లివారు సామాన్లు పెట్టి తాళాలేశారు, బయట బాత్రూమ్ దగ్గర లైను. ఒక్కరిని తాళం అడిగితే అయిపోయేది. ఎందుకు అంటారని అడగలేదు. ఆరు దాటింది, ఏడయింది. రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి గొట్టం పెడితే వెళ్లలేదు. పదిహేను గంటల తిండి, నీళ్లు లోపల, సంచి రాయిలా ఉంది. బాగా నిండిపోతే ఆ వాల్వ్ పక్కకి జరిగి దారి వంకర అయిపోతుంది. కంగారులో గట్టిగా తోశాను, రక్తం వచ్చింది. ఇది ఎవరూ చేయకండి, తోయకండి. పడుకోండి, మోకాళ్లు మడవండి, పొట్ట వదులు చేయండి, గోరువెచ్చటి గుడ్డ వేయండి, సన్నం గొట్టం ఉంటే దాంతో ప్రయత్నించండి, అయినా వెళ్లకపోతే తెల్లారేదాకా ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్లిపోండి. ఖాళీ చేయకుండా అంతసేపు ఉంచకూడదు అని నాకు చెప్పారు, నేనప్పటికే ఆ టైము దాటేశాను.

క్యాజువాల్టీకి వెళ్తే డ్యూటీలో ఉన్న అబ్బాయి చాలా చిన్నవాడు, పాపం మంచివాడే, ఎప్పుడూ చూడలేదు. ఇలియోస్టమీ అనగానే బ్యాగ్ అంటించబోయాడు. బ్యాగ్ అంటిస్తే ఏమొస్తుంది, లోపల మూత పడిపోయుంటే? నొప్పికి నాకు మాట రావట్లేదు, మా ఆయన సీ షిఫ్టులో ఉన్నారు, మా పాప, పద్నాలుగేళ్లు దానికి, ముందుకొచ్చి, డాక్టర్ గారూ మా అమ్మ పొట్టకి లోపల మూతుంది, అది తెరుచుకోవట్లేదు, గొట్టం పెట్టి తీయాలి అని చెప్పింది. చిన్నప్పుడు నేను ఏ మాటకి కోప్పడ్డానో అదే మాట. అప్పుడు ఆ అబ్బాయి పై డాక్టర్‌కి ఫోన్ చేశాడు, ఆయన వచ్చి కెమెరా ఉన్న సన్నటి స్కోప్ లోపలికి పంపి దాని దారిలో గొట్టం దించారు. ఒక్కసారిగా ఖాళీ అయింది. ఆ గొట్టం వారం రోజులు తీయలేదు. తర్వాత మళ్లీ మా పాత సర్జన్ దగ్గరికి వెళ్తే వాల్వ్ జారింది అన్నారు, ఇంకో ఆపరేషన్ చేసి వాల్వ్ మళ్లీ నిలబెట్టారు.

ఇది మీకు భయపెట్టడానికి చెప్పట్లేదు. ఈ వాల్వ్ జారడం అన్నది జాగ్రత్తగా ఉన్నవాళ్లకి కూడా వస్తుంది, ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు రెండోది పడుతుంది. ఒకవేళ సంచి మొత్తం పాడై తీసేయాల్సి వస్తే ఆ రెండు అడుగుల చిన్నపేగు కూడా పోతుంది. అది తెలిసి దిగాలి. నన్ను అడిగితే మళ్లీ చేయించుకుంటావా అని, చేయించుకుంటాను. కానీ ఆ రాత్రి నన్ను ఇబ్బంది పెట్టింది వాల్వ్ ఒక్కటే కాదు. తాళం అడగలేకపోవడం, పనస వద్దనలేకపోవడం. రెండూ ఒకటే రోగం.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని కార్డు. ఇదిగోండి, లామినేషన్ చేయించాను, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు. నాకు పెద్దపేగు లేదు, పొట్టలో కంటినెంట్ పౌచ్ ఉంది, ఇన్ని గంటలకోసారి ఈ సైజు గొట్టంతో ఖాళీ చేయాలి, స్పృహ లేకపోయినా చేయాలి, గొట్టం హ్యాండ్ బ్యాగులో ఉంది, సర్జన్ నంబరు ఇది. స్పృహ లేకపోయినా అన్న మాట ముఖ్యం. బస్సు యాక్సిడెంట్ అయి ఎక్కడో పడుకోబెట్టారనుకోండి, పైకి ఏమీ కనిపించదు, ఎవరికి తెలుస్తుంది? ఫోటో తీసి ఫోన్ లాక్ స్క్రీన్ మీద కూడా పెట్టుకున్నాను.

రెండో పని మా హెచ్ఎం మేడంకి చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు తిరిగి, చివరికి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. చదివి ఏమీ అనలేదు, బీరువా తీసి ఆఫీసు రూము వెనక బాత్రూమ్ తాళం ఇంకోటి ఇచ్చారు. తర్వాత వారం వెళ్లేసరికి లోపల గొట్టం, గుడ్డ తగిలించుకోడానికి ఒక మేకు, పెట్టుకోడానికి చిన్న స్టూలు ఉన్నాయి. ఎవరు పెట్టించారో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆరేళ్లు అదే స్కూల్లో నేను ఇండియన్ బాత్రూమ్‌లో గొట్టం పళ్ల మధ్య పట్టుకుని, హ్యాండ్ బ్యాగ్ మెడలో వేసుకుని చేసుకున్నాను.

ఇంకో మూడు విషయాలు త్వరగా. ఉన్నట్టుండి నీళ్లలా ఎక్కువగా వస్తూ, మెలిపెట్టే నొప్పి, జ్వరం, కొంచెం రక్తం ఉంటే అది పౌచైటిస్ కావచ్చు, సంచి వాపు, యాంటీబయాటిక్స్‌తో ఎక్కువ శాతం తగ్గుతుంది, నాకు మూడుసార్లు వచ్చింది, సొంతంగా షాపులో కొనుక్కుని వేసుకోకండి. మెల్లగా కరిగే రకం మాత్రలు, పైన పూత ఉండే మాత్రలు మనకి కరక్కుండానే బయటికి వచ్చేయొచ్చు, డాక్టర్‌కి గుర్తు చేయండి. బీ12 విటమిన్ ఒంటికి పట్టేది ఆ చిన్నపేగు చివరే, దాంతోనే కదా సంచి కుట్టారు, అందుకని ఏడాదికోసారి రక్త పరీక్ష, నాకు ఇంజెక్షన్ పడుతుంది.

ఆ, చెప్పండమ్మా. మైక్ ఇవ్వండి ఆవిడకి. (ఒక తల్లి అడిగారు: మా అమ్మాయికి 22 ఏళ్లు, కోలైటిస్‌కి పెద్దపేగు తీసేశారు, బ్యాగ్ ఉంది, సంబంధాలు చూస్తున్నాం, ఈ ఆపరేషన్ చేయిస్తే ఎవరికీ తెలియకుండా పెళ్లి చేసేయొచ్చు కదండీ అని.)

అక్కా, మీరు ఎంత బాధపడి అడుగుతున్నారో నాకు తెలుసు. మా అమ్మ బతికుంటే ఇదే అడిగేది. కానీ వద్దు. అమ్మాయికి బ్యాగ్‌తో చర్మం పాడవుతుంటే, తనకి తాను కావాలనుకుంటే, సర్జన్ సరే అంటే అప్పుడు చేయించండి, తప్పకుండా. దాచడానికి మాత్రం చేయించకండి. పెళ్లైన మొదటి రాత్రి అబ్బాయి పొట్ట మీద చెయ్యేస్తే తెలుస్తుంది, గాజు గుడ్డ ఉంటుంది. అంతకంటే ముందు, అత్తారింట్లో పొద్దున బాత్రూమ్‌లో పావుగంట ఎందుకు పడుతుందని అడుగుతారు, పన్నెండున్నరకి గుళ్లో ఉంటే ఏం చేస్తుంది, కొసరి వడ్డిస్తే ఏం చేస్తుంది. నేను పద్దెనిమిదేళ్లు కాపురం చేసిన ఇంట్లోవాళ్ల పెళ్లిలో తాళం అడగలేకపోయాను, 22 ఏళ్ల పిల్ల కొత్త ఇంట్లో ఎలా అడుగుతుందమ్మా? చెప్పి చేయండి. పది సంబంధాలు పోతాయి, పోనివ్వండి. పిల్లల సంగతి కూడా అడుగుతారు, ఈ ఆపరేషన్ అయినవాళ్లు పిల్లల్ని కన్నారు, డాక్టర్ చూస్తూ ఉండాలి అంతే. పాప వచ్చిందా మీతో? రాలేదా. మీ నంబరు సిస్టర్‌కి ఇవ్వండి, నేనే మాట్లాడతాను తనతో, మీరు పక్కన లేకుండా, ఏమనుకోవద్దు.

బాబూ నువ్వేదో చెయ్యి ఎత్తావు. సముద్రంలోకి దిగొచ్చా అనా? దిగొచ్చు, పుండు పూర్తిగా మానాక. రుషికొండలో దిగాను నేను, గుడ్డ మీద నీళ్లు పట్టని ప్లాస్టర్ వేసుకుని. బరువులు మాత్రం మొదటి రెండు మూడు నెలలు ఎత్తొద్దు, గ్యాస్ సిలిండర్ అయితే ఆ తర్వాత కూడా నేను ఎత్తను.

పన్నెండున్నర అయిపోయింది అండీ, నేను వెళ్లాలి. సిస్టర్, మీరిద్దరూ గొట్టం పెట్టడం ఎప్పుడూ చూడలేదన్నారు కదా, నాతో రండి, లోపల చూపిస్తాను. ఇక్కడ తాళం ఎవరి దగ్గరుంది?